తట్టల గ్యాంగు ఆడిన బేస్‌బాల్

మా ఊరి బేస్‌బాల్ సంఘం వాళ్లు అచ్చేసిన పుస్తకంలో మూడో పేజీలో ఒక అబద్ధం ఉంది. "విశాఖపట్నంలో ఈ ఆటను మొట్టమొదట ఆడినవారు స్థానిక కళాశాల విద్యార్థులే. అంతకు మునుపు ఈ నగరంలో బేస్‌బాల్ అన్న మాట విన్నవారు కూడా లేరు." రెండు వాక్యాలు. రెండూ తప్పే.

విన్నవాళ్లున్నారు. ఆడినవాళ్లున్నారు. ఆడి, ఓడ దిగివచ్చిన పరదేశపు జట్టుని ఓడించినవాళ్లున్నారు. వాళ్లలో ఒకణ్ణి నేను. బంతి విసిరినావిడ మా మేనత్త. నాకంటే పదేళ్లు పెద్దది, ఇంకా బతికే ఉంది, భీమిలిలో కొడుకు ఇంట్లో. ఆవిడ ఉండగానే ఆ రెండు వాక్యాలు మారాలన్నది నా పంతం. పోయాక మార్చి నాకు పంపితే దాన్ని ఏం చేసుకోను?

ఆ పుస్తకం మా ఇంటికి మనవరాలు తెచ్చింది. మధురవాడలో చదువుతోంది, బడి తరఫున ఆ ఆట ఆడుతోంది. పోటీలకి వెళ్తే అందరికీ తలో పుస్తకం ఇచ్చారట. సంఘం పేరు రాయను. పేరు రాస్తే నాకేదో వాళ్లతో పాత పగ ఉందనుకుంటారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. తరవాత చదివిందంతా కొంత లైబ్రరీలో బెంచీ మీద, కొంత పకోడీ పొట్లాల కాయితాల మీద. అయినా అచ్చయిన అక్షరం తప్పయితే నాకు అన్నం సయించదు.

"తాతయ్యా, పుస్తకంలో ఉంది కదా, నువ్వు తప్పు గుర్తు పెట్టుకున్నావేమో" అంది ఆ పిల్ల, నా చేతిలోంచి పుస్తకం లాక్కుంటూ.

అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో పోర్టులో ఇనప రాయి ఓడలకి మనుషులే ఎక్కించేవారు. కొండల్లోంచి రైలు పెట్టెల్లో వచ్చిన ఎర్రరాయిని యార్డులో గుట్టలు పోసేవారు. ఆ గుట్టల దగ్గర్నుంచి ఓడదాకా వెదురు తట్టలే. మా వాళ్లు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి, రెండేళ్లు వరసగా వానల్లేక, ఆ తట్టలు మొయ్యడానికే వచ్చారు. రేకుల లైన్లలో ఒకే గదిలో ఏడుగురం. ఆ రోజుల వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. తడిసిన ఇనప రాయికి ఒక వాసన ఉంటుంది, నాలిక మీద పాత కానీ పెట్టుకున్నట్టు. దానికి తోడు ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు, రైలింజను బొగ్గు, సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లందరి నోళ్లలోంచి చుట్టపొగ. మా అమ్మ ఉతికిన బట్ట ఏదీ తెల్లగా ఉండేది కాదు. పెళ్లికొడుకు పంచె కూడా లేత ఎర్రగానే ఉండేది మా లైన్లలో.

మా అత్తది గ్యాంగులో ఒక ప్రత్యేకమైన పని. నిండు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ఓడకి ఆనించిన బల్ల మీదుగా పైకి ఎక్కుతారు, అక్కడ కుమ్మరిస్తారు. ఖాళీ తట్ట పట్టుకుని మళ్లీ దిగితే బల్ల మీద ఎదురూ బొదురూ అవుతుంది. అందుకని పైన ఒక మనిషి నిలబడి, ఖాళీ తట్టలు తీసుకుని కిందికి విసురుతుంది. కిందున్నవాళ్లు చెయ్యి చాపితే చేతిలో పడాలి. పక్కకి పోతే నీళ్లలో పడుతుంది, మేస్త్రీ తిడతాడు. మా అత్త తట్ట ఎప్పుడూ నీళ్లలో పడలేదు. వెనక్కి ఒక అడుగేసి, నడుం తిప్పి, మణికట్టు చివర్లో విదిలించేది. తట్ట గిరగిరా తిరుగుతూ వచ్చి, చాపిన చేతిలో కూర్చునేది. నోట్లో అడ్డచుట్ట, నిప్పు లోపలికి పెట్టుకుని. పొగ చెవుల్లోంచి వస్తుందా అని నేను చిన్నప్పుడు వెనకనించి చూసేవాణ్ణి.

ఒక చలికాలం పొద్దున్న రాయి ఎక్కించుకోవడానికొచ్చిన జపాను ఓడలోంచి ఒక నావికుడు దిగి, ఆ విసరడం చూస్తూ నిలబడిపోయాడు. నల్లగా, పొట్టిగా, పీపాలా ఉంటాడు మనిషి. ఓడవాళ్లలో తక్కినవాళ్లెవరూ ఆయనలా లేరు. చాలాసేపు చూసి, సంచీలోంచి తెల్లటి బంతి ఒకటి తీసి, మెల్లిగా పైకి మా అత్త వైపు విసిరాడు. ఆవిడ పట్టుకుంది. గాల్లోంచి ఏదొచ్చినా పట్టుకోవడం ఆ చేతులకి అలవాటే. తిప్పి చూసింది. వాసన చూసింది.

"ఏటీ, సచ్చిన గొడ్డు వోసనేస్తంది! ఇదేటి కాయ అన్నా?" అని, వచ్చిన దారినే తిరిగి విసిరింది.

బంతి ఆయన అరచేతిలో పడిన చప్పుడు నాకు గుట్ట ఇవతలికి వినబడింది. ఆయన చెయ్యి దులుపుకుంటూ నవ్వడం మొదలెట్టాడు. ఎంతకీ ఆపడే!

మాటలు కలిపింది మా ట్యాలీ గుమస్తా గారు. గోదావరి జిల్లా మనిషి, ఇంగ్లీషు వచ్చు, తట్టలు లెక్కేసుకోవడం ఆయన ఉద్యోగం. "ఏవండోయ్, ఈయనది జపాను కాదంటండి! పసిఫిక్ సముద్రంలో ఏదో దీవంట. మన రామకృష్ణా బీచీ నుంచి భీమిలి దాకా నడిస్తే దీవంతా అయిపోద్దంటండి" అని మా అందరికీ చెప్పారు. ఆ మధ్యాహ్నానికే ఆ నావికుడికి పేరు కుదిరిపోయింది. మగాళ్లు దీవి బావ అన్నారు, ఆడాళ్లు దీవి అన్న అన్నారు, మా ఈడు గుంటలం దీవి మావ అన్నాం. అన్నిటికీ పలికేవాడు.

లైన్ల చివర ఒక సీమపనస చెట్టుండేది. దాన్ని చూసి ఆయన చేతులు జోడించినంత పని చేశాడు. వాళ్ల దీవిలో అన్నమే అదట. మా నాయనమ్మ ఆ కాయ ముక్కలు నూనెలో వేయించి, ఉప్పూ కారం జల్లి పెడితే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తిన్నాడు. చోడి అంబలి, అదే రాగిజావ, మాత్రం ఒక్క గుక్క తాగి, గిన్నె నా వైపు జరిపాడు. ఆ పూట గుమస్తా గారి నోటి వెంట ఆయన చెప్పిన కథ నాకు మాటమాటా గుర్తుంది.

వాళ్ల దీవిలో ఎరువుకి పనికొచ్చే మన్ను దొరుకుతుందట. దాన్ని తవ్వి, తట్టల్లో మోసి, ఓడలకి ఎక్కించేవాళ్లట వాళ్ల నాన్నలు. అప్పట్లో దీవిని ఏలేది జపానువాళ్లే. వాళ్ల బడిపంతుళ్లు ఈ ఆట పట్టుకొచ్చారు. మొదట్లో పంతుళ్లూ, ఆఫీసువాళ్లే ఆడుకునేవారు. దీవివాళ్లు కంచె అవతల నిలబడి చూసేవారు. చూసి చూసి, కొబ్బరి పీచుతో బంతి చుట్టుకున్నారు, సీమపనస కొమ్మ చెక్కి కర్ర చేసుకున్నారు. మన్ను తవ్వేసిన చోట చదునైతే అదే మైదానం. నాలుగైదేళ్లకి ఒకసారి పంతుళ్లే సరదాకి పిలిచి ఆడితే, తట్టలు మోసేవాళ్ల జట్టు వాళ్లని చిత్తుగా ఓడించింది. దీవి మావ నాన్న ఆ జట్టులో ఉన్నాడు.

"అంటే తట్టలు మోసినోళ్లే అక్కడ మొదలెట్టీసినారా?" అంది అత్త.

"అలాగే అంటున్నాడమ్మా."

"అయితే మనమూ ఆడీగలం" అని చుట్ట ఆర్పి చెవి మీద దోపుకుంది.

అలా మొదలైంది. యార్డుకీ రైలు పట్టాలకీ మధ్య ఇసక నేల. ఓడ నిండడానికి ఐదారు రోజులు పట్టేది, మధ్యాహ్నం పని ఆగే వేళ ఒకటుండేది. దీవి మావ నేల మీద పుల్లతో గీసి నేర్పాడు. నాలుగు మూలలు. ఒకరు బంతి విసరాలి, ఒకరు కర్రతో కొట్టాలి, కొట్టినవాళ్లు మూల మూలకీ పరిగెత్తి మొదటికొస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే అవతలివాళ్ల వంతు. ఇంతే. సరుగుడు కర్ర చెక్కి బ్యాటు చేశాం. చేతికి తొడుక్కునే తోలు మా దగ్గర లేదు. తట్ట కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ కుదురుని అరచేతిలో అదిమిపట్టి దాంతోనే బంతి ఆపేవాళ్లు మా ఆడాళ్లు. గ్యాంగులోంచి ఆరుగురు ఆడవాళ్లు, ఓడ మీద బరువులెత్తే విన్చి నడిపే డ్రైవర్లు ఇద్దరు, నేను. తొమ్మండుగురం. నేను అత్త విసిరే బంతిని కొట్టేవాడి వెనక కూర్చుని పట్టేవాణ్ణి. పదమూడేళ్లవాణ్ణి. ఆ పని ఇంకెవడూ ఒప్పుకోలేదు, పళ్లు రాలతాయని.

మా నాయనమ్మ గోల పెట్టింది. "పెళ్లీడు పిల్ల ఓడోళ్లతోటి బంతాటేటే? నలుగురూ ఏటనుకుంతారు?"

"ఆ నలుగురూ నాతోనే ఆడతన్నారమ్మా" అంది అత్త, చీర గోచీ దోపుకుంటూ.

మాకు అర్థమైనట్టు మేం ఆడాం. ఇక్కడే ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే తరవాత గొడవంతా దీని మీదే.

మా యార్డులో ఒక పద్ధతుండేది. పని ఆపే కూత వినబడితే ఎవరు ఎక్కడిదాకా పని చేశారో అక్కడ తట్ట బోర్లించి వెళ్తారు. మళ్లీ వచ్చాక పని అక్కణ్ణుంచే. మధ్యలో ఎవరూ ఆ తట్టని కదపకూడదు. కదిపితే ఒకరి కష్టం ఇంకొకరి లెక్కలోకి పోతుంది. బోర్లించిన తట్టని తన్నినవాడికి మా గ్యాంగులో మంచినీళ్లు కూడా పుట్టవు. మరి ఆటలో ముగ్గురు ఔటయి వంతు మారే వేళకి, మా మనిషి ఒకామె రెండో మూలలో నిలబడి ఉందనుకోండి. అసలు ఆటలో ఆ నిలబడ్డం వృథా. మళ్లీ వంతు వచ్చినప్పుడు మొదట్నించి మొదలెట్టాలి. మాకది తెలీదు. ఆమె తట్ట బోర్లించి వచ్చేసేది. మళ్లీ మా వంతు రాగానే వెళ్లి, తట్ట తీసి, అక్కడే నిలబడేది. పరిగెత్తి సంపాదించుకున్న చోటు కదా, ఎలా వదులుతుంది?

దీవి మావ మొదటిసారి చూసి నోరెళ్లబెట్టాడు. గుమస్తా గారు తట్ట సంగతి చెప్పాక, తల గోక్కుని, "మంచిది, కానివ్వండి" అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ ఓడ ఆ ఏడాది మూడుసార్లు వచ్చింది. మొదటిసారి వెళ్లేటప్పుడు ఆయన ఆ బంతి మాకే ఇచ్చేసి వెళ్లాడు. రాత్రీ పగలూ అది నా దగ్గరే. దాని లోపల ఏముందోనన్న దురద నాకు. ఒకరోజు మా నాన్న గడ్డం గీసుకునే బ్లేడు పెట్టి కుట్లు కోసేశాను. లోపల దారం! ఎంత లాగినా దారమే. లాగుతూ లాగుతూ లైను ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచాను. మేకల కాళ్లకి చుట్టుకుంది, నీళ్ల బిందెతో వస్తున్న ఒక ముసలావిడకి చుట్టుకుంది. చివరికి నా చేతిలో గోలీకాయంత రబ్బరు ఉండ మిగిలింది.

అత్త వచ్చింది. కొట్టలేదు. "అల్లుడా, కనిపెట్టీసినావా?" అంది. "ఊ" అన్నాను. "అయితే సుట్టు."

మూడు రోజులు చుట్టాను. మేకలు కొరికిన చోట ముళ్లేసి మరీ చుట్టాను. పోర్టు గేటు దగ్గర చెప్పులు కుట్టే తాత పాత తోలు తెచ్చి పైన కుట్టాడు. గుండ్రంగా రాలేదు, ఒక పక్క కొంచెం బరువు. ఆ బంతిని విసిరితే తిన్నగా పోదు, చివర్లో అటో ఇటో ఒరుగుతుంది. అత్త నెల్లాళ్లు దాన్ని గోడకేసి విసిరింది. కుట్టు ఎటు పెడితే ఎటు ఒరుగుతుందో వేళ్లకి నేర్పుకుంది. నా తప్పుకి నేను ఇవాళ్టిదాకా సిగ్గుపడలేదంటే అందుకే.

ఓడ రెండోసారి వచ్చినప్పుడు వాళ్ల జట్టుతో ఆట సగంలో ఉండగా ఓడ కూతేసింది. మేం కొట్టే వంతు, ముగ్గురం ఔటైపోయాం. రెండో మూలలో ఒకామె, మూడో మూలలో ఒకామె. రెండు తట్టలు బోర్లాయి. ఓడ వెళ్లిపోయింది. ఆ తట్టలు అక్కడే ఉన్నాయి. నెలన్నర! లారీలవాళ్లు వాటి చుట్టూ తిప్పుకుని పోయేవారు. ఒకడు తొక్కించబోతే మా గ్యాంగంతా వెళ్లి లారీకి అడ్డం నిలబడింది. మేస్త్రీ కూడా వాటి జోలికి పోలేదు. మా యార్డులో ఉన్న తట్టలన్నిటికీ ఉన్న గౌరవం వాటికీ ఉంది.

ఓడ మూడోసారి వచ్చింది, వానలకి ముందు. ఈసారి వాళ్లు తోలు చేతితొడుగులు, తెల్ల టోపీలు పెట్టుకుని దిగారు. పందెం ఏమీ లేదు. కానీ లైన్లలో ఉన్నవాళ్లంతా వచ్చి గుట్టలెక్కి కూర్చున్నారు. తాటిముంజలు అమ్మేవాడు కావిడి దించుకుని కూర్చున్నాడు. మా నాయనమ్మ కూడా వచ్చింది, తిట్టడానికి వచ్చానని చెప్పి.

మొదట కొట్టే వంతు మాకొచ్చింది. మా ఇద్దరు ఆడాళ్లు వెళ్లి తట్టలు తీసి మూలల్లో నిలబడ్డారు. వాళ్ల జట్టు పెద్ద, ఓడలో ఇంజనీరు, కేకలు మొదలెట్టాడు. ఆట ఇంకా మొదలే కాలేదు, వీళ్లు అక్కడేం చేస్తున్నారని. గుమస్తా గారికి చెమటలు పట్టాయి. "ఏవమ్మా, ఒప్పుకోనంటున్నాడు. తీసెయ్యమంటున్నాడు."

అత్త నోట్లో చుట్ట తియ్యకుండానే అంది: "అడగండి బాబూ. పని ఎక్కడాగితే అక్కణ్ణుంచే కదా మొదలు? ఆ ఓడ సగం నిండి ఆగిపోనాదనుకో, మల్లా అడుగునుంచి నింపుతామా?"

గుమస్తా గారు చెప్పారు. దీవి మావ పగలబడి నవ్వి, ఇంజనీరుతో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. తరవాత తెలిసింది ఏం చెప్పాడో. వాళ్ల దీవిలో తొలినాళ్లలో మూడో మూల ఒక చెట్టు. చెట్టు నీడలో ఉన్నవాణ్ణి ఎవరూ ఔట్ చెయ్యకూడదన్నది వాళ్ల తట్టలవాళ్లు పెట్టుకున్న పద్ధతి. ఎండలో రోజంతా మోసినవాడు నీడకి చేరితే వాణ్ణి లేపడం పాపమని. పంతుళ్లు దాన్ని ఒప్పుకునే వాళ్లతో ఆడారు. "పంతుళ్లు ఒప్పుకున్నారు, నువ్వు ఒప్పుకోలేవా?" అన్నాడట. ఇంజనీరు టోపీ తీసి, తన ఓడ వైపు ఒకసారి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. సరే అన్నాడు.

ఆ ఆట గురించి నేను పది పేజీలు రాయగలను. రాయను. మా అత్త ఆ మధ్యాహ్నం ఆ వంకర బంతితో ఓడ జట్టులో ఎనిమిదిమంది చేత ఉత్త గాలినే కొట్టించింది. బంతి వాళ్ల కర్ర దగ్గరికొచ్చి, ఏదో మర్చిపోయినట్టు పక్కకి పోయేది. నా చేతుల్లో కుదురు తడిసి ముద్దయింది, అది చెమటో నెత్తురో చూసుకోలేదు. ఒక్క పరుగు తేడాతో గెలిచాం. నెలన్నరగా మూడో మూలలో ఉన్న మనిషి చేసిన పరుగది. గుట్టల మీదనుంచి జనం ఎర్రధూళి లేపుకుంటూ జారి వచ్చేశారు. ఓడవాళ్లు తొమ్మండుగురూ వరసగా నిలబడి టోపీలు తీసి మా ఆడాళ్లకి వంగి దణ్ణం పెట్టారు. తట్టలు మోసేవాళ్లకి ఎవరైనా వంగి దణ్ణం పెట్టగా నేను చూడ్డం అదే మొదలు. మా నాయనమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ, "దుమ్ము, దుమ్ము" అంది.

మరుసటి ఏడు యంత్రాలొచ్చాయి. రాయి దానంతటది బెల్టు మీద నడిచి వెళ్లి ఓడలో పడడం మొదలెట్టింది. ఓడ వచ్చిన మర్నాడే వెళ్లిపోయేది, దిగి ఆడే తీరిక ఎవరికి? గ్యాంగులు పోయాయి. ఒకామె చేపల బుట్ట పట్టింది, ఇద్దరు పల్లెకి పోయారు. అత్తని భీమిలిలో పడవలు చేసే వడ్రంగికిచ్చారు. నేను ఖలాసీగా చేరి, ఆ బెల్టు కిందే ముప్పయ్యేళ్లు చేశాను. దీవి మావ మళ్లీ రాలేదు. ఓడ వచ్చింది, ఆయన రాలేదు. ఎవర్నడిగినా తెలీదన్నారు.

ఇక ఇప్పటి సంగతి. సంఘానికి నేను మొదటి ఉత్తరం రాశాను. జవాబు లేదు. రెండో ఉత్తరానికి ఒక్క ముక్క వచ్చింది: "తగిన ఆధారాలు జతపరచగలరు." మూడోసారి నేనే వెళ్లాను. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తు. లిఫ్టు లేదు, మోకాళ్లకి తెలుసు. కార్యదర్శి కుర్రాడు. మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. మొత్తం విన్నాడు. నేనే గొప్పగా తట్టలు బోర్లించిన కథ చెప్పాను. అదే నా కొంప ముంచింది.

"తాతగారూ, రన్నర్లు అలా బేస్ మీద ఉండిపోవడం రూల్ కాదండీ. మీరు ఆడింది మంచి ఆటే. కానీ దాన్ని బేస్‌బాల్ అనలేం. పైగా రికార్డు ఏమీ లేదు కదా."

"రికార్డుంది బాబూ" అన్నాను. "ఏ ఓడలో ఎన్ని టన్నులు ఎక్కిందో పోర్టువాళ్ల దగ్గర రికార్డుంది. ఎక్కించినవాళ్ల పేర్లే లేవు."

టీ తాగకుండా వచ్చేశాను. దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ మండిపడ్డాను. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు ఆ మంట చల్లారలేదు.

మనవరాలికి జాలేసిందో, లేక అనుమానం తీర్చుకుందామనుకుందో. "ఆ దీవి పేరేంటి తాతయ్యా?" అని అడిగింది. దీవి మావ నోట విన్న పేరు చెప్పాను. ఫోనులో వెతికింది. ఆ దీవివాళ్లు తమ ఆట పుట్టుక గురించి తామే రాసుకున్న పేజీ ఒకటి దొరికింది. ఆ పిల్ల చదువుతూ తెలుగులో చెప్తుంటే నేను కళ్లజోడు తీసేసి విన్నాను. పీచు బంతి ఉంది. కంచె ఉంది. మూడో మూలలో చెట్టు, దాని నీడ పద్ధతి, అన్నీ ఉన్నాయి. వాళ్లు దాన్ని తప్పు అనలేదు. మా తొలి బేస్‌బాల్ ఇలా ఉండేది అని రాసుకున్నారు. తట్టలు మోసిన ఆటగాళ్ల పేర్లు కింద వేసుకున్నారు.

పిల్ల ఫోను పక్కన పెట్టి, నా పక్కకి జరిగి కూర్చుంది. "అయితే మీ అత్త నిజంగా..." అంది.

"నిజంగానే."

మూడో ఉత్తరం ఆ రాత్రే కాదు, మర్నాడు పొద్దున్నే, కోపం తగ్గాక రాశాను. దీవివాళ్ల పేజీ అచ్చు తీయించి జతచేశాను. చివర్న ఇలా రాశాను: "ఆట ఎక్కడికెళ్లినా అక్కడి మనుషుల పద్ధతి కొంత ఒంటబట్టించుకుంటుంది. ఆ దీవిలో అది తప్పు కానప్పుడు మా యార్డులో ఎందుకు తప్పయింది? తట్టలవాళ్లు ఆడారనా, ఆడవాళ్లు ఆడారనా? మీకు రికార్డు కావాలంటే భీమిలి బస్సెక్కండి. రికార్డు అక్కడ నులకమంచం మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటోంది. తొందరగా వెళ్లండి."

రెండు నెలలు ఏమీ రాలేదు. మనవరాలు రోజూ అడిగేది. నేను రోజూ పోస్టుమేన్‌ని తిట్టేవాణ్ణి, పాపం వాడికేం తెలుసు. నిన్న జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"గౌరవనీయులైన తాతగారికి నమస్కారాలు. ఆలస్యానికి మన్నించండి. పోయిన ఆదివారం మా అమ్మాయిల కోచ్‌ని వెంటబెట్టుకుని భీమిలి వెళ్లి మీ మేనత్తగారిని కలిశాను. బంతి ఎలా పట్టుకునేవారని అడిగితే మూడు పట్లు చూపించారు. వాటిలో రెండు మా కోచ్‌కి తెలుసు. మూడోది ఇప్పుడు మా పిల్లలు నేర్చుకుంటున్నారు. మూడో పేజీలో ఆ రెండు వాక్యాలు తీసేస్తున్నాం. ఈ నగరంలో ఈ ఆట మొదట ఆడింది పోర్టు తట్టల గ్యాంగు అని, వాళ్ల పద్ధతి ఏమిటో కూడా వివరంగా వేస్తున్నాం. తన పేరొక్కటే వేస్తే ఒప్పుకోనని మీ మేనత్తగారు తొమ్మిది పేర్లూ చెప్పారు. అన్నీ అచ్చవుతాయి. ఆఖరి పేరు మీదే. మీరెలా ఆడేవారని కూడా అడిగాను. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను, కోపగించుకోకండి: 'మావోడా? బాగానే పట్టీవోడు. ఔటయిపోయినా సరే, ఒప్పుకునీవోడు మాత్రం కాడు బాబూ.'"